తీగ లేని చెరువు

సమ్మె రోజులు. బస్సులు డిపో దాటడం లేదు, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. కొత్తగూడ రోడ్డు మీద రాస్తారోకోకు అడ్డంగా వేయడానికి, తండా పోరగాండ్లు చెరువు చుట్టూ ఉన్న ముళ్లతీగను రాతి కడీలతో సహా పీక్కుపోయారు. ఆ తీగ కాంట్రాక్టరుది. చేపల కోసం చెరువును వేలంపాటలో పాడుకున్నప్పుడు తండావాళ్లు తెప్ప దింపొద్దు, వల వేయొద్దు అని కట్టించాడు. కడవకు నీళ్లు కావాలంటే దాని కింద దూరి పోవాల్సిందే.

తీగ పోయినా ఎవరూ ఇంట్లోంచి వల బయటికి తీయలేదు.

పొద్దున నీళ్లకు వచ్చిన సోని ఆ సంగతి చూసింది. తీగ ఉండే చోటికి రాగానే ఆడవాళ్లు ఆగుతున్నారు. చెంగు దగ్గరికి పట్టుకుని, నడుము వంచి, అవతలికి పోయి లేస్తున్నారు. మేకలు మాత్రం తలలెత్తుకుని పోతున్నాయి.

"అత్తా, ఎందుకు వంగినవే?"

"వీపు గీసుకపోదా?" అంది చంద్రి.

"తీగ ఏడున్నది? మొన్ననే పీకిరి గద!"

"నీకు నాకు ఎరుకనే. నా వీపుకెవలు చెప్పాలె?"

సోని నవ్వింది. నవ్వుతూ చూసుకుంటే తన నడుమూ వంగే ఉంది.

ఇంటికొచ్చి తెప్ప బయటికి తీసింది. మొగుడు టీక్యా అడ్డం నిలబడ్డాడు.

"సమ్మె అయినంక వాడు మళ్ల తీగ కట్టడా? ఒక్కదానివి దిగితే దొంగవంటరు. తండా అంతా దిగితేనే చెరువు మనదంటరు."

"మరి తండాల ముందుగాల దిగేదెవలు?"

టీక్యా పక్కకు జరిగాడు.

చెరువు దగ్గర తీగ ఉండే గీత మీదుగా సోని తెప్పతో పంతంగా నిటారుగా నడిచింది. వీపు మీద సన్నగా మంట పాకింది. చెయ్యి పెడితే తడిగా తగిలింది. చెమటే కావచ్చు. వేళ్లను చూసుకోకుండానే తెప్పను నీళ్లలోకి తోసింది.

చెరువు నడుమకు పోయాక వెనక్కి తిరిగింది. తండా అంతా వచ్చి ఒకే వరుసలో ఆగి ఉంది. ఎవరి కాలివేళ్లూ ఆ గీత దాటలేదు. కాంట్రాక్టరు కావలి పెట్టిన రాంజీ, తండా మనిషే, కర్ర పట్టుకుని అరిచాడు.

"నీళ్లల్ల ఎవలది?"

"నేనే రాంజీ బాపు, సోనిని!"

"ఎవలైనా బయటికి రావాలె," అన్నాడు. అతని కళ్లు ఆమె మీద లేవు. ఆమెను పుట్టినప్పటి నుంచి ఎరిగిన మనిషి.

ఇప్పుడు వెనక్కి పోతే ఇక ఎవరూ రారు. "అత్తా! నువ్వన్న రా!" అని పిలిచింది.

ఎవరూ కదలలేదు. అప్పుడు టీక్యా ముందుకొచ్చి వంగి, మోకాళ్లెత్తున గాలిలో దేన్నో రెండు చేతులా పట్టుకుని పైకి లేపాడు. చేతుల నరాలు ఉబ్బాయి. అతని చేతుల కింద నుంచి చంద్రి దూరి వచ్చింది. ఆమె వెనక మిగతావాళ్లు వలలతో, తెప్పలతో ఒక్కొక్కరే వంగి వచ్చారు. చివరికి రాంజీ కూడా కర్ర కింద పెట్టి దూరాడు.

నీళ్లు తెప్పలతో నిండాయి. ఒడ్డున టీక్యా ఒక్కడే అలాగే నిలబడి వణుకుతున్నాడు.

"ఇడిసిపెట్టి నువ్వు గూడ రావయ్యా!" సోని అరిచింది.

"ఎట్ల ఇడువాలె?" అన్నాడు పళ్లు బిగబట్టి. "మీరంత మళ్ల బయటికి రావద్దా?"