తీపాకు బిళ్ళలు

చెల్లెలి మొహం చచ్చినా చూడనని ఒట్టు పెట్టుకున్న అక్క, చివరికి ఆ చెల్లెలి పళ్ళాసుపత్రి మెట్లే ఎక్కాల్సి వచ్చింది. ఏడేళ్ళ కూతురు చిట్టికి బుగ్గ బంతిలా వాచింది. ఊళ్ళో ఉన్న ఇంకో పళ్ళ డాక్టరు సరిగ్గా ఇప్పుడే ఊరెళ్ళాడు. ఖర్మ కాకపోతే ఏమిటి!

గొడవంతా బిళ్ళల దగ్గరే వచ్చింది. అక్క తన వంటింట్లో పంచదార బదులు తీపాకు (స్టీవియా) పొడితో చప్పరించే బిళ్ళలు చేసి అమ్ముతుంది. డబ్బాల మీద “పంచదార లేదు, పళ్ళు పుచ్చవు” అని అచ్చు వేయించింది కూడా. నీ ఆసుపత్రిలో నాలుగు డబ్బాలు పెట్టుకోవే అంటే, “ఏం కలిపావో తెలియనిది నా దగ్గరకొచ్చే పిల్లలకి పెట్టను” అని చెల్లెలు నలుగురిలో మొహం మీదే అనేసింది. నాలుగక్షరాలు చదివేసరికి ఎంత పొగరు! ఆ కడుపుమంట అక్కకి ఇంకా చల్లారలేదు.

చెల్లెలు కూర్చోమని కూడా అనలేదు. చిట్టిని కుర్చీలో పడుకోబెట్టి లైటు కిందికి దించింది.

“పాలపన్నే, ఎలాగూ ఊడేదే. నొప్పి తగ్గించి పంపు చాలు,” అంది అక్క ఎటో చూస్తూ.

“పాలపన్ను కాదిది. ఆరో ఏట పాలపళ్ళ వెనక కొత్తగా వచ్చే దవడపన్ను. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి మీకెవరికీ తెలీదు. ఇది పోతే ఇంకోటి రాదు.”

అక్క కూతురి వైపు చూసింది. నోరు మాత్రం తగ్గలేదు. “నా పిల్ల చిటికెడు పంచదార ఎరగదు!”

“తీపికి ఆకుపొడి రవ్వంత చాలుగా? బిళ్ళ గట్టిపడ్డానికి ఏం పోశావ్?”

“ఖర్జూరం పాకం. అదీ చెట్టుదేగా?”

“పంచదార తీసే చెరకేమైనా ఆకాశంలోంచి ఊడిపడిందా? ఆకుతో పళ్ళు పుచ్చవు. నీ పాకంతో పుచ్చుతాయి.”

“ఏడుపు! నేను బాగుపడుతుంటే నీకు మొదట్నించీ ఏడుపే!” అక్క గయ్యిమంది.

చెల్లెలు ఆమెని పట్టించుకోకుండా చిట్టి మీదికి వంగింది. “ఎన్నాళ్ళ నించి నొప్పి తల్లీ?”

“చాలా రోజుల్నించి పిన్నీ. అమ్మకి చెప్తే మన బిళ్ళ పెట్టుకో, తగ్గుతుందంది. నొప్పున్న చోటే పెట్టుకుంటున్నా. పడుకునేటప్పుడు కూడా.”

“తగ్గలేదని మళ్ళీ చెప్పలేదా?”

చిట్టి తల్లి వైపు చూసి గొంతు తగ్గించింది. “బిళ్ళలు మంచివి కావంటే అమ్మకి కోపమొస్తుందిగా.”

చెల్లెలు దెప్పితే తిప్పికొట్టడానికి అక్క మాట సిద్ధంగానే పెట్టుకుంది. చెల్లెలు దెప్పలేదు. “వేరు దాకా చీము పట్టింది. తీసెయ్యాలి. చెయ్యి పట్టుకో,” అంది.

అక్క కూతురి చెయ్యి అందుకోబోయింది. చిట్టి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది.

“తిట్టవుగా అమ్మా?”