మామిడిపండు మీద పడ్డ నింద

రాజపాళయంలో ఆస్పత్రికి పరామర్శకు వెళ్ళేవాళ్ళు చేతిలో ఒక హార్లిక్స్ సీసా, నోట్లో ఒక ప్రశ్న తప్పకుండా పట్టుకెళతారు. సీసా రోగికి, ప్రశ్న అతని భార్యకు. "ఏం పెట్టావు?" అని. మనమూ ఎక్కడో ఒకచోట అడిగినవాళ్ళమే, కాదనకండి.

ఆ రోజు సంతానలక్ష్మికి పొద్దున పదింటి నుంచి ఆ ప్రశ్న ఎదురవుతూనే ఉంది. ఆమె భర్త మాధవన్ నూలుమిల్లులో ఫిట్టరు. నలభై రెండేళ్ళు. తొమ్మిదింటికి యంత్రాల మధ్య కుప్పకూలాడు, గుండె ఆగిపోయింది. తోటి పనివాళ్ళు ఛాతీ నొక్కుతూ ఉంటే, అంబులెన్సువాళ్ళు వచ్చి షాకిచ్చి ఆ గుండెను మళ్ళీ ఆడించారు. ఇప్పుడు స్పృహ లేకుండా ఐసీయూలో ఉన్నాడు. రక్తంలో షుగర్ నాలుగువందల దగ్గర ఉందని నర్సు చెప్పింది.

ఆ అంకె వినడమే ఆలస్యం, అత్త జక్కమ్మ కోడలి మీద పడింది.

"ఏమి సాప్పాటు పెట్టినావే వాడికి? నిన్న రెండు మామిడిపండ్లు కోసి ఇచ్చినావు కదా, నేను చూసినా."

"ఆయనే అడిగినారు అత్తా."

"అడిగితే ఇచ్చేదా?"

వచ్చిన చుట్టాలంతా తలలూపారు. మధ్యాహ్నానికి ఆ రెండు మామిడిపండ్లూ ఆరయ్యాయి. పాపం, సంతానలక్ష్మి కూడా తన మొగుడి గుండె తానే ఆపేశానని నమ్మేసింది. వరండా బల్ల మీద కూర్చుని మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

రెండు గంటలకు డాక్టర్ శరణ్య కంగారుగా బయటికి వచ్చింది.

"షుగర్ దిగేదానికి కొంచెమే ఇన్సులిన్ ఎక్కించినాము. ఇప్పుడు నలభై ఐదుకు పడిపోయింది. ఇన్సులిన్ ఆపి గ్లూకోజు ఇచ్చినా నిలబడలేదు. మెదడు ముందే దెబ్బ తినింది, ఇంక తట్టుకోలేదు. ఆయన షుగర్‌కు మాత్ర ఏదైనా వేసుకుంటారా?"

"వాడికి షుగరే లేదు," అంది జక్కమ్మ వెంటనే. "అంతా ఈమె పెట్టిన మామిడిపండు."

శరణ్య ఈ ఊరి పిల్లే. వచ్చి జక్కమ్మ పక్కన కూర్చుంది.

"పండు కాదు అవ్వా. గుండె ఆగి మళ్ళీ కొట్టుకున్నప్పుడు ఒళ్ళంతా బెదిరిపోతుంది. లోపల దాచుకున్న చక్కెరను తానే రక్తంలోకి వదిలేస్తుంది. షుగర్ లేనివాళ్ళకు కూడా అట్లే ఎక్కుతుంది. దానికి ఎవరినీ తిట్టే పని లేదు. ఎవరు ఇచ్చినారో నాకు వద్దు, ఏమి మింగినారో చెప్తే చాలు."

జక్కమ్మ చేయి నడుము సంచిలోకి పోయింది. ఒక మాత్రల అట్ట బయటికి తీసింది.

"నా షుగర్ మాత్రలే. దాహం దాహం అనేవాడు. షుగర్ అని మిల్లులో తెలిస్తే పనిలో నుంచి తీసేస్తారని డాక్టర్ దగ్గరికి పోలేదు. రెండు నెలలుగా నా మాత్రలే ఇస్తా ఉన్నా. ఈ పొద్దున కళ్ళు తిరగతా ఉండాయి అంటే రెండు ఇచ్చినా."

శరణ్య అట్ట తీసుకుని లోపలికి పరుగెత్తింది. గంటల తరబడి షుగర్‌ను దించుతూనే ఉన్న ఆ మాత్రకు విరుగుడు మందు పడ్డాక, సాయంత్రానికి షుగర్ నిలబడింది. ఈ మాట పదింటికే చెప్పి ఉంటే అంతగా పడిపోయేదే కాదు.

మూడోనాడు మాధవన్ కళ్ళు తెరిచాడు. భార్యను గుర్తుపట్టాడు. కూతురు జనని పేరు మాత్రం అతని నోటికి రాలేదు. అందులో గుండె ఆగిన నిమిషాల పాలెంతో, షుగర్ పడిపోయిన సమయం పాలెంతో డాక్టర్ కూడా చెప్పలేకపోయింది.

ఆ సాయంత్రం సేత్తూరు నుంచి జక్కమ్మ చెల్లెలు పొన్నుత్తాయి హార్లిక్స్ సీసాతో వచ్చింది. కూర్చోకముందే సంతానలక్ష్మి వైపు తిరిగి, "ఏమి పెట్టినావమ్మా వాడికి?" అంది.

జవాబు జక్కమ్మ చెప్పింది.

"ఆ మాట అడగొద్దు పొన్నుత్తాయీ. నన్ను ఎవరూ అడగకూడదని నేనూ ఈ కోడల్నే అడుగుతా కూర్చున్నా. మాత్ర ఇచ్చింది నేను. తప్పు ఎవరిదని వెతికే చోట, ఏమి జరిగిందో ఎవరూ చెప్పరు. ఆ శిక్ష మంచం మీద పడుకున్నవాడికే పడుతుంది."