కాలువ ఒడ్డు చెట్ల లెక్క

హన్మండ్లు అబద్ధాలకోరు కాడు. ఈ ముక్క ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథ మొదలయ్యే నాటికి ఆయన కన్నకూతురికి ఏడు వందల పైచిలుకు అబద్ధాలు చెప్పి ఉన్నాడు. వాటిలో ఒక్కటి కూడా అబద్ధమని ఆయనకు తోచలేదు.

కొడిమ్యాల దగ్గరి ఒక పల్లెలో ఆయన తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. పద్దెనిమిదో ఏట చెట్టెక్కే మోకు నడుముకు కట్టుకున్నాడు, ఇప్పుడు నలభై ఎనిమిది. తండ్రి ఆయనకు చెట్టెక్కడంతో పాటు ఇంకో సంగతి కూడా నేర్పి పోయాడు. చెట్టు ఎంత కల్లు ఇచ్చిందో పూర్తిగా పైకి చెప్పకూడదు. చెబితే దిష్టి తగిలి గెల ఎండుతుంది. ఎంత మంచి చెట్టయితే అంత తగ్గించి చెప్పాలి. ఏడు సీసాలిచ్చిన చెట్టును నాలుగిచ్చిందంటే చాలు. మూడే ఇచ్చిన బక్క చెట్టును మాత్రం మూడే అనొచ్చు, లేనిదానికి దిష్టేమిటి! ముప్పై ఏళ్లు ఇదే పద్ధతి నడిచేసరికి ఆయన నాలుక ఆయన్ని అడగకుండానే తగ్గించడం నేర్చుకుంది.

ఇక కూతురు సరిత సంగతి. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ ఈ పిల్ల ఊరందరికీ ముద్దే. జగిత్యాలలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. బస్సులో సీటు దొరకదు, ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో పుస్తకం పట్టుకొని నిలబడే చదువుతుంది. పేజీ తిప్పడానికి చెయ్యి ఖాళీ లేక తంటాలు పడుతుంటే కండక్టరే తిప్పిపెట్టిన రోజులున్నాయి. మొదటి సంవత్సరం లెక్కల్లో ఒక్క మార్కు పోలేదు. అయినా మార్కులు చాలామందికి వస్తాయి. సరితకు ఉన్న గుణం వేరే. ఒకసారి "ఎందుకు?" అని అడిగిందంటే జవాబు దొరికేదాకా వదలదు. ఆమె ప్రశ్నకు క్లాసులో విసుక్కున్న లెక్చరర్లు కూడా ఇంటికి పోయాక కాగితం ముందేసుకొని కూర్చునేవారు.

పోయిన చలికాలం ఆమెకు ఒక ప్రశ్న పుట్టింది. తండ్రి ఎక్కే పన్నెండు తాళ్లలో ఆరు కాలువ ఒడ్డున ఉన్నాయి, ఆరు నీళ్లందని ఎర్రచెల్క నేలలో ఉన్నాయి. నీళ్ల పక్కనున్న చెట్టు కల్లు ఎక్కువ ఇస్తుందా? చెట్లకు సున్నంతో నంబర్లు వేసింది. నాలుగు నెలల పాటు రోజూ సాయంత్రం, తండ్రి కాళ్లు కడుక్కుంటుంటే పక్కన నోటుబుక్కు పట్టుకొని కూర్చుంది. "ఒకటో నంబరు ఎంత బాపు?" అంటే "నాలుగు" అనేవాడు. "ఏడో నంబరు?" అంటే "మూడున్నర" అనేవాడు. ఏదో కాలేజీ పని అనుకున్నాడే తప్ప ఆ అంకెలు ఎక్కడికి పోతాయో ఆయనకు తెలియదు.

ఆ అంకెల్లోంచి వింత ఫలితం వచ్చింది. నీళ్లున్నా లేకున్నా చెట్టు ఇచ్చేది దాదాపు ఒకటే! జిల్లా సైన్సు పోటీలో దానికి మొదటి బహుమతి వచ్చింది. ఫిజిక్స్ లెక్చరర్ రాజమౌళి మురిసిపోయాడు. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య చదువుకొని పైకొచ్చిన మనిషి, చురుకైన పిల్ల కనబడితే ఊరుకోలేడు. బెంగళూరు దగ్గరున్న ఒక పెద్ద యూనివర్సిటీకి ఆమెతో దరఖాస్తు పెట్టించాడు.

ఆ యూనివర్సిటీలో చేరడానికి రెండు విడతలు. మొదటి విడతలో, ఇంటర్ పరీక్షలు రాయకముందే, డిసెంబరులోనే నలభై మందిని తీసుకుంటారు. వాళ్లకు చదువు, హాస్టలు, తిండి అన్నీ ఉచితం. రెండో విడతలో సీటుంటుంది గానీ ఆ సాయం ఉండదు. తాళ్లెక్కే తండ్రికీ, బీడీలు చుట్టే తల్లికీ పుట్టిన సరితకు ఉన్న దారి మొదటి విడత ఒక్కటే. నాలుగు వేల మంది దరఖాస్తు పెడితే నూట ఇరవై మందిని ఇంటర్వ్యూకు పిలిచారు, అందులో సరిత ఉంది. తాళ్ల పరిశోధన గురించే అడుగుతామని ఉత్తరంలో ప్రత్యేకంగా రాశారు.

ఇంటర్వ్యూ శుక్రవారమనగా, ముందు ఆదివారం రాజమౌళి మోటారు సైకిలు మీద వాళ్లింటికి వచ్చాడు. వాకిట్లో కుర్చీ వేసుకొని, తానే యూనివర్సిటీ పెద్దమనిషైనట్టు మొహం బిగించి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ముగ్గుర్ల ఒక్కలకే సీటు," అన్నాడు ముందుగానే. "తాడిని తన్నేటోడు ఒకడుంటే వాని తల తన్నేటోడు ఇంకొకడుంటడు. ఏదీ, నీ పరిశోధన చెప్పు. మీ అవ్వబాపులకు సుత సమజయ్యేటట్టు తెలుగుల చెప్పు."

సరిత చెప్పింది. కాలువ ఒడ్డు చెట్లు సగటున నాలుగు సీసాలు, చెల్క చెట్లు మూడున్నర. తేడా లేదు. కాబట్టి తాటివేరు ఎంత లోతుకు పోతుందో, ఎక్కడి తడిని వెతుక్కుంటుందో ఆలోచించాలని ఆమె చేతులు తిప్పుతూ చెబుతుంటే తల్లి పోశవ్వ బీడీలు చుట్టడం మానేసి నోరు తెరుచుకొని వింది.

గోడకు ఆనుకొని కూర్చున్న హన్మండ్లు మాత్రం నిటారుగా లేచి కూర్చున్నాడు. కాలువ ఒడ్డు చెట్లు నాలుగేమిటి! ఒక్కోటి ఏడూ ఎనిమిదీ ఇచ్చాయి. కడవలు దించింది తనే.

రాజమౌళి బయల్దేరినప్పుడు సాగనంపే వంకతో హన్మండ్లు బండి దాకా వెంట నడిచి, గొంతు తగ్గించి అంతా చెప్పేశాడు. రాజమౌళి బండి తాళం చెవిని వేలికి తిప్పుకున్నాడు.

"హన్మండ్లన్నా, గీ మాట ఎవలకు చెప్పకు," అన్నాడు. "బెంగళూరోళ్లు అచ్చి నీ తాళ్లెక్కి సూడరు. గీ శుక్రారం దాటనీ."

సార్ చెప్పాడంటే సరే అనుకున్నాడు హన్మండ్లు. సాయంత్రం దాకా నోరు కట్టుకున్నాడు. అన్నం ముందు కూర్చున్నాక కూతురు మొహం చూసి ముద్ద పక్కన పెట్టేశాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటుంది లోకం. అలాంటి చెట్టు కిందినుంచి పోయే పిల్ల ఒక్క మాట కూడా వంకర లేకుండా పోవాలని ఆయనకు గట్టిగా అనిపించింది.

"బిడ్డా, కాలువ ఒడ్డు చెట్ల లెక్క తప్పు."

సరిత తల ఎత్తింది. "ఏం తప్పు బాపు?"

"నేను తక్కువ జెప్పిన. నాలుగన్ననాడు ఏడిచ్చింది."

పోశవ్వ గయ్యిమంది. "కడుపుల బుట్టిన పిల్ల కాడ గూడ దాసినవా? దాని దిష్టి తగుల్తదా నీ చెట్లకు?"

"దాసిన్నని నాకే ఎరుకలేదే. నోరు గట్ల అలవాటైంది."

సరిత చెయ్యి కడుక్కొని వాకిట్లోకి వెళ్లింది. చాలాసేపు రాలేదు. నాలుగు నెలల పని, బహుమతి, బెంగళూరు, అన్నీ తన నాలుక మీదుగా జారిపోయాయని హన్మండ్లు కుమిలిపోయాడు. తిరిగొచ్చినప్పుడు ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో నోటుబుక్కు ఉంది.

"బాపు, అన్ని చెట్లకు ఒక్కతీరుగనే తగ్గించినవా? చెట్టును బట్టి తగ్గించినవా?"

"చెట్టును బట్టే బిడ్డా. మంచి చెట్టుకు ఎక్కువ. చెల్కయి ఎన్నడు తగ్గియ్యలే."

"ఒక చెట్టుకు ఒక్కనాడు రెండు, ఒక్కనాడు నాలుగు తగ్గించినవా?"

"అయ్యుంటది. నాకు యాదికి లేదు."

ఆమె పెదవి కొరుక్కుంది. "అయితే పాత లెక్క సరిజేయనీకి రాదు. మల్ల కొలవాలె. గీసారి నేనే కొలుస్త."

"సార్ చెప్పొద్దన్నడు బిడ్డా. సీటు పోతదేమో."

"సార్ నా మంచికే అన్నడు బాపు. కానీ గది తప్పని ఎరుకైనంక, నిజమని ఎట్ల జెప్పాలె? నాకు నోరు రాదు." అంటూనే ఆమె చున్నీతో కళ్లు తుడుచుకుంది. సీటు మీద ఆమెకు ఎంత ఆశ ఉందో హన్మండ్లుకు అప్పుడు తెలిసింది. అంత ఆశ పెట్టుకొని కూడా ఆమె అక్కడే కూర్చొని, ఫలితం తప్పని, మళ్లీ కొలుస్తున్నానని యూనివర్సిటీకి ఫోనులో ఉత్తరం రాసి పంపేసింది.

సోమవారం కాలేజీలో ఆ మాట వినగానే రాజమౌళి తల పట్టుకున్నాడు. "పంపినవా? నన్నొక్క మాట అడగకపోతివి!" అని కేకలేశాడు. కేకలేసి, ల్యాబు లోపలికి పోయి, గీతలున్న లీటరు కొలజాడీని పాత తువ్వాలలో చుట్టి తెచ్చి ఆమె సంచిలో తనే పెట్టాడు.

ఆ సాయంత్రం నుంచి సరిత తండ్రి వెంట చెట్ల దగ్గరికి నడిచింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆయన దించిన కల్లును జాడీలో పోస్తుంది. నురగ పూర్తిగా దిగేదాకా ఆగుతుంది, వంగి గీత చూస్తుంది, అంకెను పైకి చదివి రాసుకుంటుంది. ఆ పైకి చదవడం దగ్గరే హన్మండ్లుకు ప్రాణాలు పోయేవి. "జర మెల్లగ సదువు బిడ్డా," అని నాలుగు దిక్కులూ చూసేవాడు. ఆమె నవ్వి ఇంకోసారి చదివేది. కాలువ ఒడ్డు చెట్లు చెల్క చెట్లకు రెట్టింపు ఇస్తున్నాయి. వింత ఏమీ మిగల్లేదు. ఏ రైతునడిగినా చెప్పే మాటే తేలింది.

శుక్రవారం ఇంటర్వ్యూ జగిత్యాలలో, రాజమౌళి ఇంటి ముందుగదిలో, కంప్యూటరు తెర మీద జరిగింది. హన్మండ్లు, రాజమౌళి బయట వరండాలో కిటికీ కింద కూర్చున్నారు. లోపల మాటలన్నీ ఇంగ్లీషు. రాజమౌళి చెవి కిటికీకి ఆనించి, ఒక్కో మాటనూ గుసగుసగా తెలుగులోకి దించుతున్నాడు.

"తప్పని ఎట్ల ఎరుకైందని అడుగుతున్నరు... దిష్టి ముచ్చట చెబుతున్నది... నవ్వుతున్నరు, మంచిగనే నవ్వుతున్నరు... ఇప్పుడు ఒకాయన అంటున్నడు, తప్పుడు అంకెలు మీ నాయిన ఇచ్చిండు గదా, గందుల నీ తప్పేమున్నది అని."

హన్మండ్లు తల వంచుకున్నాడు. ఆ మాట ఎప్పుడో వస్తుందని ఆయనకు తెలుసు. నిజమే కదా, రానీ అనుకున్నాడు.

లోపల సరిత గొంతు తొణకలేదు. రాజమౌళి దించడం మరిచి కిటికీకి ఇంకా దగ్గరగా జరిగాడు.

"ఏమంటున్నది సారూ?"

"తప్పు నాదే అంటున్నది. చెట్లు ఇంటికి పది నిమిషాల దూరంలున్నయి, నాలుగు నెలల్ల నేనొక్కనాడు పోలేదు, ఇంట్ల కూసోని అడిగి రాసుకున్న అంటున్నది. మా బాపు తన చెట్లను కాపాడుకున్నడు, నేనే కొలవలేదు అంటున్నది."

హన్మండ్లు భుజం మీది తువ్వాలతో మొహం కప్పుకున్నాడు. ఇలాంటి పిల్లకు తండ్రి కావడానికి తానేం చేశాడో ఆయనకు అంతుపట్టలేదు. నాలుగు రోజుల కొలత చాలా అని లోపల ఇంకో ప్రశ్న వచ్చింది. చాలదనీ, సీటొచ్చినా రాకున్నా మార్చి దాకా కొలుస్తాననీ ఆమె జవాబు చెప్పింది. ఇంటర్వ్యూ అయిపోయింది.

బయటికొచ్చిన సరిత, "వింత ఫలితం జూసి పిలిచిండ్రు సార్, గా వింతనే లేకపాయె," అంది. ముగ్గురిలో ఒకరికి అన్న లెక్క ఇప్పుడు పదిమందిలో ఒకరికి పడిపోయిందని రాజమౌళి మనసులోనే అనుకున్నాడు.

ఫలితం డిసెంబరు రెండో శనివారం సాయంత్రం నాలుగింటికి వస్తుందని చెప్పారు. ఆ రోజు ఇంట్లో కూర్చొని ఫోను చూసుకోమని పోశవ్వ ఎంత చెప్పినా సరిత వినలేదు. జాడీ తీసుకొని తండ్రి వెనకాలే బయల్దేరింది.

మూడో నంబరు చెట్టు కల్లు కింద ఆమెకిచ్చి, హన్మండ్లు నాలుగో చెట్టెక్కాడు. గెల చెక్కుతుండగా కింద ఫోను మోగింది. చుట్టూ ఎవరూ లేరు, గాలి లేదు, ప్రతి మాటా పైకి వినబడింది.

"అచ్చిందా సార్? మీరు సూడకుండ్రి, నేనే సూస్త... ఇప్పుడు గాదు సార్. నురగ దిగలే. జర ఆగుండ్రి, మూడో చెట్టు రాసుకొని సూస్త."

హన్మండ్లు కత్తి ఆపి కిందికి చూశాడు. కూతురి నడినెత్తి పాపిట, జాడీ మీదికి వంగిన వీపు కనబడ్డాయి. తన బతుకంతా ఆ ఫోనులో ఉండగా ఆ పిల్ల నురగ దిగేదాకా అలాగే వంగి ఉంది. తరువాత అంకెను ఎప్పటిలా గట్టిగా పైకి చదివి, రాసుకొని, కలం మూత పెట్టి, అప్పుడు ఫోను తీసింది. కాసేపటికి గట్టు మీద చతికిలబడింది.

"ఏమైంది బిడ్డా?"

హన్మండ్లు కత్తిని నడుముకు చెక్కుకున్నాడు. పోతే పోయింది, ఇంకో దారి చూద్దామని చెప్పడానికి మాట కూడదీసుకుంటున్నాడు.

సరిత మొహం పైకెత్తింది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. "అచ్చింది బాపు! మొదటి విడతల్నే! అన్ని వాళ్లే పెట్టుకుంటరట!"

ఆయన చెట్టును రెండు చేతులా కావలించుకొని, మట్టకు నుదురు ఆనించి, ఎవరూ చూడని ఆ ఎత్తులో భోరున ఏడ్చాడు.

"దిగుతలేవేంది బాపు?"

"దిగుతున్న బిడ్డా," అన్నాడు హన్మండ్లు. ముప్పై ఏళ్లలో ఏ చెట్టు దిగడానికీ ఆయనకు అంతసేపు పట్టలేదు.