సాయం ఆగిన అరగంట

2003 జూలై ఎనిమిది, మంగళవారం, ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలు. అంబాజీపేటలో సన్నటి తుంపర. గాలి పడమటి నుంచి. కొబ్బరిపీచు ఎగుమతి చేసే ఉదయభాస్కర్ కొచ్చిలో హోటలు గదిలోంచి ఆఫీసుకు ఫోను చేశాడు.

"నా మెయిలు రావట్లేదండీ సత్యవాణిగారూ. పాస్‌వర్డు తప్పంటోంది. అరడజను సార్లు కొట్టాను."

మేనేజరు సత్యవాణి గడియారం చూసింది. ఆఫీసుకు సొంత మెయిలు సర్వరు ఉండాలని పట్టుబట్టి పెట్టించింది ఆవిడే. వరసగా మూడుసార్లు తప్పు కొడితే ఖాతా అరగంట మూసుకుపోవాలన్న నియమమూ ఆవిడదే. మూసుకున్నాక ఎవరు ముట్టుకున్నా ఆ అరగంట మళ్ళీ మొదటికొస్తుంది; మధ్యలో తెరవడం ఆవిడ చేతిలోనూ లేదు. కొరియా కంపెనీ పంపిన తుది ధర ఆ ఖాతాలోనే ఉంది. మధ్యాహ్నం రెండున్నరలోగా ఉదయభాస్కర్ ఒప్పుకుంటూ జవాబు రాయకపోతే ఆర్డరు తమిళనాడులోని పొల్లాచి వ్యాపారులకు పోతుంది. కొరియావాళ్ళు ఇంగ్లీషు రాస్తారు గాని మాట్లాడరు, కనుక ఫోనుతో పని జరగదు; వేరే ఖాతానుంచి వచ్చిన జవాబును లెక్కచెయ్యరు.

ఆవిడ కొత్త పాస్‌వర్డు పెట్టి చెప్పింది. "అరగంట ముట్టుకోకండి."

అరగంట గడిచింది, ఖాతా తెరుచుకోలేదు. ఇంకో అరగంట గడిచినా అంతే. సర్వరును ఆపి మళ్ళీ ఆన్ చేసినా ఆ మూత విడలేదు.

ఒంటిగంట కావస్తుండగా పక్క గదిలోంచి అకౌంట్లు రాసే పెద్దిరాజు ఆప్యాయంగా కేకేశాడు. "ఇప్పుడు కూడా చూశానండి మేడంగారూ. రావట్లేదు."

"మీరు చూశారా?"

"పొద్దుట్నుంచీ మధ్యమధ్యలో చూస్తూనే ఉన్నానండి. బాబుగారు కొచ్చి నుంచి ఫోన్లో పాస్‌వర్డు చెప్పి, మీకేమైనా తెరుచుకుంటుందేమో చూడమన్నారు. రాజమండ్రి బ్రాంచిలో శివరామకృష్ణగారు కూడా అదే పనిమీదున్నారండి. పాపం, టీ కూడా తాగలేదంట."

ఖాతాను మూసి ఉంచుతున్నది ఈ ఇద్దరి అభిమానమేనని సత్యవాణికి అప్పుడు బోధపడింది. వెంటనే రాజమండ్రికి ఫోను చేసి, ముట్టుకోవద్దంది.

"అయ్యయ్యో, ముట్టుకోనులెండి," అన్నాడు శివరామకృష్ణ. కీబోర్డు టకటకలాడింది. "ఇప్పుడూ రాలేదండి."

మాటలతో లాభం లేదని ఆవిడ సర్వరు వెనక నెట్‌వర్కు కేబులు పీకేసింది. ఇక ఎవరి సాయమూ లోపలికి రాదు. నిశ్చింతగా మంచినీళ్ళు తాగి వచ్చేసరికి, పెద్దిరాజు సర్వరు బల్ల కిందనుంచి మోకాళ్ళు దులుపుకుంటూ లేస్తున్నాడు.

"అసలు జబ్బు దొరికిందండి! కేబులు ఊడిపోయింది. పెట్టేసి, ఒకసారి చూశాను కూడా."

గడియారం ఒంటిగంటంపావు చూపిస్తోంది. తిడితే నొచ్చుకుంటాడు, నొచ్చుకుంటే ఆవిడ మెప్పు కోసం రెండింతలు సాయం చేస్తాడు. సత్యవాణి కేబులు మళ్ళీ పీకి, దాని కొస అతని చేతిలో పెట్టింది.

"పెద్దిరాజుగారూ, ఇది దేనికీ తగలకూడదు. ఈ పనికి మిమ్మల్ని తప్ప ఇంకొకర్ని నమ్మలేను."

"ఎంతసేపండి?"

"నేను చెప్పేదాకా."

అతను ఆసుపత్రిలో సెలైను సీసా పట్టుకున్న బంధువులా చెయ్యెత్తి నిలబడ్డాడు. అతని బల్లమీద ఫోను మోగి మోగి ఆగిపోయినా అతను కదల్లేదు.

"ముక్కు దురదగా ఉందండి."

"రెండో చెయ్యుంది కదండీ."

"దాన్ని దీనికి ఆసరా పెట్టానండి."

సత్యవాణి స్కేలు తెచ్చి అతని ముక్కు గోకింది.

అరగంట నిండింది. ఆవిడ కేబులు పెట్టి కొచ్చికి ఫోను చేసింది. "ఇప్పుడు కొట్టండి. ఒక్కసారే, కొత్తదే."

"వచ్చేసిందండీ!" అన్నాడు ఉదయభాస్కర్. రెండు కావస్తుండగా ఒప్పుకోలు కొరియాకు వెళ్ళిపోయింది. "ఇంతకీ ఏం చేశారండీ?"

"పెద్దిరాజుగారు సాయం చేశారండి," అంది సత్యవాణి.

కొరియా కంపెనీ 2011 దాకా ఏటా వాళ్ళ దగ్గరే పీచు కొన్నది.