ఊడవొద్దన్న ఇసుక

పోయినవాళ్ళు కలలోకొస్తే ఏదో ఒకటి అడుగుతారంటారు. ఇందులిస్ పెద్దగా ఏమీ అడిగేవాడు కాదు. బతికున్నప్పటిలాగే అందరికన్నా ఆలస్యంగా వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు దులుపుకుని, "నాన్నారూ, తినడానికేమైనా మిగిల్చారా?" అని నవ్వేవాడు. అర్వీడ్స్ లేచి రొట్టె కోద్దామని చాకు కోసం వెతుక్కునేవాడు. చాకు దొరికేలోపు తెల్లారిపోయేది.

నాన్నారూ అనడం ఒట్టి వెటకారం. ఇద్దరికీ రెండేళ్ళే తేడా. రీగా నగరంలో చదువుకునే రోజుల్లో వాళ్ళ సోదర సంఘంలోకి ఏ కుర్రాడు కొత్తగా వచ్చినా, ఒక పాత సభ్యుడు అతనికి పెద్దదిక్కుగా నిలబడాలి. సంఘం రంగుల టోపీని మొదటిసారి అతని నెత్తిన పెట్టేది ఆ పెద్దదిక్కే. అందుకని అతన్ని రంగుల తండ్రి అంటారు. అర్వీడ్స్ ఇందులిస్ నెత్తిన టోపీ పెట్టాడు, పాటలు నేర్పాడు, బీరు ఎలా తాగాలో, ఎక్కడ ఆపాలో కూడా నేర్పాడు. ఆ చివరిది మాత్రం వాడి తలకెక్కలేదు. చదువయ్యాక అర్వీడ్స్ అడవుల శాఖలో చేరాడు, ఇందులిస్ విమానం నడుపుతానని సైన్యంలోకి వెళ్ళాడు. పోయినేడు ఆకులు రాలే కాలంలో ఒక పొగమంచు ఉదయాన విమానంతో సహా సముద్రంలో పడిపోయాడు. రెక్క ముక్కొకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు.

సోదరుడు పోతే గొయ్యి పూడ్చడానికి సంఘంవాళ్ళు పరాయి చేతులను పెట్టరు. తామే దోసిళ్ళతో ఇసుక పోస్తారు. అందరూ బయటికి వెళ్ళాక రంగుల తండ్రి పైన్ కొమ్మ పట్టుకుని, సమాధి దగ్గర్నుంచి వెనక్కి నడుస్తూ, ఒక్క అడుగు జాడ కూడా మిగలకుండా నేల ఊడ్చుకుంటూ గేటు దాకా రావాలి. ఈ ఊడవడం సంఘం కనిపెట్టిందేమీ కాదు. ఇందులిస్ పుట్టిన సముద్ర తీరంలో ప్రతి ఇంటా ఉన్నదే. జాడలు వదిలేస్తే పోయినవాళ్ళు వాటిని పట్టుకుని ఇంటికొచ్చేస్తారని పెద్దల మాట. అక్కడి పిల్లలకు నడక వచ్చీ రాగానే చేతికి పైన్ కొమ్మ ఇస్తారు. అర్వీడ్స్‌దీ ఆ తీరమే, కాస్త పై ఊరు.

మనిషి దొరకలేదు కాబట్టి ఇన్నాళ్ళూ ఏమీ జరపలేదు. ఆగస్టులో ఇందులిస్ ఊళ్ళో, అందరూ శ్మశానానికి వెళ్ళి తమవాళ్ళను తలుచుకునే సమాధుల పండగ వచ్చింది. ఆ రోజు వాడి టోపీనే పూడ్చి గౌరవంగా సాగనంపాలని సంఘం నిర్ణయించింది. తల్లిని ఒప్పించే పని మాత్రం అర్వీడ్స్ నెత్తిన పెట్టి పెద్దలంతా పక్కకు తప్పుకున్నారు.

ఇందులిస్ తల్లి మతిల్దె పెరట్లో కూర్చుని, పొగబెట్టడానికి చేపలు ఇనుప చువ్వకు గుచ్చుతోంది. అతను చెప్పిందంతా చెయ్యి ఆపకుండానే వింది.

"అయితే మా వాడికి తండ్రివి నువ్వేనన్నమాట," అంది చివరికి. "మీసం కూడా సరిగ్గా రాలేదు. మరి నాకేమవుతావు?"

అర్వీడ్స్ చెవులు ఎర్రబడ్డాయి. ఆమె నవ్వలేదు.

"సముద్రం నా మొగుణ్ణి కూడా తీసుకెళ్ళింది. వారం తిరక్కుండా తెచ్చి మా గుమ్మం ముందే పెట్టింది. దానికా మాత్రం మర్యాద ఉంది. వీణ్ణీ ఇస్తుంది. మీకెందుకంత తొందర?"

తొందరేమీ లేదమ్మా, సాగనంపకుండా మాకు నిద్ర పట్టడం లేదు అన్నాడు అర్వీడ్స్. అది సంఘం చెప్పమన్న మాట కాదు. నోరు జారి నిజం బయటికొచ్చింది. మతిల్దె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. టోపీ పూడ్చుకోండి, పాడుకోండి, మీ ముచ్చట తీర్చుకోండి అంది. అయితే ఒక్క షరతు మీదే.

"ఊడవొద్దు. వాడి టోపీ అక్కడుంటే వాడూ అక్కడికే చేరతాడు. చేరాక ఇంటికి దారి తెలియొద్దూ? అందరూ దయ్యం వస్తుందని ఊడుస్తారు. నాకు ఏ రూపంలో వచ్చినా కొడుకే."

ఊడవనని అర్వీడ్స్ ఆమె చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. తర్వాత రోజంతా అతని చేతికి చేపల వాసన అలాగే ఉంది.

శ్మశానం దిబ్బల మీద, పైన్ చెట్ల మధ్య ఉంది. నేలంతా తెల్లటి ఇసుక. చెట్ల సందుల్లోంచి పడే ఎండ, పైన్ బంక వాసన, ఎక్కడో ఊరివాళ్ళు పాడుతున్న కీర్తన, దాని వెనక సముద్రం హోరు, అన్నీ కలిసి మనిషిని నిద్రలోకి లాగుతున్నాయి. సోదరులంతా టోపీలు తీసి వరసగా నిలబడ్డారు. వరస చివర ఎప్పుడూ ఇందులిస్ ఉండేవాడు. ఇప్పుడూ ఉన్నట్టే అనిపించి అర్వీడ్స్ అటు చూడకుండా ఉండటానికి నానా అవస్థ పడ్డాడు. చూస్తే వెళ్ళిపోతాడేమోనని భయం.

టోపీని గోతిలో పెట్టారు. ఒకరి తర్వాత ఒకరు దోసిళ్ళతో ఇసుక పోశారు. పాట అయింది. సంఘంలో అందరికన్నా పెద్దవాడైన డాక్టర్ విలుమ్సన్స్ పైన్ కొమ్మ విరిచి అర్వీడ్స్‌కు అందించాడు. ఆమెకు మాటిచ్చానని అర్వీడ్స్ మెల్లగా చెప్పాడు. ముసలాయన మొహం ముడుచుకుంది. ఊడవని సమాధి చూసి ఊరు మన మొహాన ఉమ్మేస్తుంది, ఇదేం గౌరవం అని గొణిగాడు. అయినా మాట మాటే కదా, విసురుగా గేటు వైపు నడిచాడు. అందరూ ఆయన వెనకే వెళ్ళారు. మతిల్దె అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉంది.

అర్వీడ్స్ ఒక్కడూ కాసేపు నిలబడ్డాడు. డాక్టర్ ఇచ్చిన కొమ్మ పారేయాలని తోచలేదు.

అప్పుడే విమానాలు వచ్చాయి. ఇందులిస్ పనిచేసిన దళంవాళ్ళు పంపినవి, మూడు. చెట్ల కొనలు ఊగేంత కిందగా వచ్చి, రెక్కలు ఒక పక్కకు వంచి నమస్కారం పెట్టి, సముద్రం వైపు తిరిగాయి. గేటు దగ్గరున్నవాళ్ళంతా తలలెత్తారు. అర్వీడ్స్ కూడా ఎత్తాడు. మూడింటి వెనక ఇంకోటి ఉంటుంది, వాడెప్పుడూ ఆలస్యమే కదా అనుకున్నాడు. కొమ్మల మధ్య తునకలైన ఆకాశంలో దాని కోసమే వెతికాడు. ఆ హోరులో బూట్లు దులుపుకుంటున్న చప్పుడు వినిపించింది. ఇదిగో వస్తున్నాడు, ఇదిగో. అలా ఎంతసేపు చూశాడో అతనికే తెలియదు. చప్పుడు సన్నగిల్లి సముద్రంలో కలిసిపోయింది. వీపుకు ఏదో తగిలితే ఉలిక్కిపడి చూశాడు. గేటు స్తంభం.

చేతిలో కొమ్మ ఉంది. సమాధి దగ్గర్నుంచి తన కాళ్ళ దాకా ఇసుక కడిగిన పళ్ళెంలా ఉంది. ఒక్క జాడ లేదు.

ఇంతకన్నా ద్రోహం లేదనిపించింది. ఎవరో బలవంతపెట్టి చేయించినా బాగుండేది, ఎవరూ చేయించలేదు. మతిల్దె ఇసుకను చూసింది, కొమ్మను చూసింది.

"అలవాటా?" అంది.

అతను తలూపాడు.

"ఈ తీరంలో పుట్టినవాడివి. చెయ్యి ఊరుకుంటుందా మరి."

తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. ఆమె తిట్టలేదు. వంగి బూట్లు విప్పింది. సమాధికి వీపు పెట్టి, గేటు వైపు మొహం ఉంచి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది. మెత్తటి ఇసుకలో ఒక్కో పాదం లోతుగా దిగుతోంది. వేళ్ళన్నీ ఇంటి వైపే చూస్తున్నాయి. ఆమె చేస్తున్నదేమిటో అప్పుడు అందరికీ అర్థమైంది. ఎవరో లోపల నుంచి నడిచి బయటికొస్తున్నట్టుగా జాడలు పడుతున్నాయి. డాక్టర్ ఒకడుగు ముందుకేశాడు. అర్వీడ్స్ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

సమాధి చేరాక మతిల్దె అక్కడే నిలబడింది. ఎండ కదిలి పక్క చెట్టు మీదికి వెళ్ళింది. ఊరివాళ్ళ కీర్తన ఆగిపోయింది. అర్వీడ్స్ ఆమె పక్కనున్న ఖాళీనే చూస్తున్నాడు. దేవుడి మీద అంత నమ్మకం లేనివాడే అయినా ఆ కాసేపు నిజంగానే ఎదురుచూశాడు.

ఎవరూ రాలేదు. ఆమె తన జాడల్లోనే అడుగులేసుకుంటూ తిరిగి గేటు దగ్గరికొచ్చింది.

"దారి బాగానే ఉంది నాయనా," అంది. "నడిచి చూశాను. వచ్చింది నేనొక్కదాన్నే."

కాళ్ళకంటిన ఇసుక దులుపుకుని, "ఇంక ఊడవండి," అంది.

అర్వీడ్స్ కొమ్మ ఎత్తబోయాడు. ఇందాక అడగకుండానే ఆడిన చేతులు ఇప్పుడు ఆడలేదు. మతిల్దె కొమ్మ అందుకుంది. ఇద్దరూ కలిసి సమాధి దాకా వెళ్ళారు. ఆమె వంగి ఊడుస్తూ వెనక్కి నడిచింది. అతను ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కనే వెనక్కి నడిచాడు. వెనక ఏముందో ఇద్దరికీ కనిపించదు. గేటు దగ్గరున్న సోదరులే, చెట్టు వేరు అడ్డముంది, కాస్త కుడికి జరగండి అని మెల్లగా చెబుతూ వచ్చారు.

"ఇంకా ఉందా?" అని ఆమె అడుగడుక్కీ అడిగింది.

"ఇంకొంచెం ఉందమ్మా," అంటూ వచ్చాడు అర్వీడ్స్. గేటు తన వీపుకు తగిలాక కూడా అదే అన్నాడు.