చల్లగా తగిలిన కమ్మీ

దగ్గరికి జరగండర్రా, ఇంకా దగ్గరికి. ఇది గట్టిగా చెప్పుకునే మాట కాదు. ఎనభైల మొదట్లో మన జోగమ్మ గోల్‌మురి వైపు ఓ రేకుల కర్మాగారంలో కాంట్రాక్టు కింద ఊడ్చేది. ఆమె మొగుడు అసిరయ్యదీ అదే షెడ్డు. రేకుల తుప్పు వదిలించే యాసిడ్ తొట్లుండేవి అక్కడ. ఆ ఆవిరికి తొట్లు దాటే ఇనుప నడవా ఊరికే తుప్పు పట్టిపోతోందని, గాజునారా ప్లాస్టిక్కూ కలిపి చేసిన కొత్త నడవా వేశారు తొట్ల మీద. ఫైబర్ అనేవారు దాన్ని. తుప్పు లేదు, బరువు లేదు, అందరికీ ముద్దే.

ఆ మధ్యాహ్నం వెల్డింగు రవ్వ పడి, నడవా కింద, తొట్టి పక్కనున్న నూనెగుడ్డల కుప్ప అంటుకుంది. ఇసుక పోసి ఆర్పారు గానీ పొగ ఇంకా పోలేదు. నడవా అవతలి కొసన, తొట్లకు వేడి ఆవిరి పంపే వాల్వును అసిరయ్య వెళ్లి కట్టెయ్యాలి.

అసిరయ్య బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇనుముతో బతికినవాడు. ఇనుము ఒక కొస కాలితే రెండో కొస చేతికి చెబుతుంది. అందుకే అక్కడి పనివాళ్లు ఎక్కే ముందు చేతి వెనక వైపు నడవా అంచు కమ్మీకి ఆనించి చూస్తారు. అతనూ ఆనించాడు.

"సల్లగుంది. ఎల్తన్నాను."

"కూసింత ఆగు మావా. పొగ పోనీ."

"నీకు పొయ్యికాడ పొగన్నా బయమే. తప్పుకో."

నవ్వుతూ ఎక్కాడు. జోగమ్మ కింద నిలబడి తలెత్తి చూసింది. పైన చల్లగా ఉన్న నడవా అడుగు వైపు నల్లగా మాడింది. పట్టి ఉంచే ప్లాస్టిక్కు కాలిపోయి గాజునార తెల్లటి పీచులా వేలాడుతోంది. అతను అడుగు వేసినచోటల్లా పొట్టలా కిందికి దిగుతోంది, చప్పుడు లేకుండా. ఇనుమైతే ఎర్రబడేది, కిర్రుమనేది. ఇది ఏదీ చెప్పడం లేదు. కింద తొట్టిలో యాసిడ్ పొగలు కక్కుతోంది.

కేక వేస్తే ఉలిక్కిపడి పరిగెడతాడు. పరిగెడితే బరువంతా ఒక్క కాలి మీదే. ఆమె కేకను మింగేసింది.

"మావా, కదలకు. అలాగే బోర్లా తొంగో."

"ఏటే, ఇక్కడేటి తొంగోడం?"

"నా మీద ఒట్టు. తొంగుని ఎనక్కి పాకు."

ఆ గొంతులో ఏం విన్నాడో, వేళాకోళం ఆపి పడుకున్నాడు. అప్పుడు తెలిసింది, తన కింద నడవా నులకమంచంలా దిగుతోందని. అరచెయ్యి ఆనిస్తే ఇంకా చల్లగానే ఉంది. అదే అతన్ని మరీ భయపెట్టింది.

మూరెడు పాకేవాడు, ఆగేవాడు. "రా, ఇంకా రా," అనేది ఆమె, గొంతు పెంచకుండా. సూపర్‌వైజరు భీమారావు చెక్కపలక తెప్పించి తొట్టి గట్టు మీంచి అతని వైపు తోయించాడు. అసిరయ్య పలక మీదికి చేరాడో లేదో, వెనక ఆ ముక్క మెల్లగా ఊడి తొట్టిలోకి జారింది. యాసిడ్ ఎగిరి గోడను తడిపింది.

వాల్వును ఇంకెవరో వెనక దారిన వెళ్లి కట్టారు. అసిరయ్య నేల మీద కూలబడ్డాడు. జోగమ్మ పిడికిట్లోంచి చీపురు తీయబోయాడు, రాలేదు. 

ఆ ఫైబర్ సామాను ఇప్పుడు ఎక్కడెక్కడో వాడుతున్నారట. మనవాళ్లెవరైనా అలాంటిచోట పనికి వెళుతుంటే కూర్చోబెట్టి ఇది చెప్పండి. నిప్పు తగిలినదాన్ని వంగి అడుగు వైపు చూడకుండా ఎక్కొద్దని చెప్పండి. చెప్పినది నేనని మరిచినా పర్లేదు, జోగమ్మను మాత్రం మరవకండి.