కాలని చేతి తొడుగు

ఏడేళ్లలో నేను పద్నాలుగు చలికాలాలు చూశాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా భూమికి దక్షిణాన, డిసెంబరు నుంచి మార్చి దాకా కెనడాలోనో జపాన్‌లోనో. మధ్య వారాలు విమానాశ్రయాల్లో, స్నేహితుల సోఫాల మీద, తోటల్లో యాపిల్ పళ్లు కోస్తూ గడిచిపోతాయి. నా ఆస్తి రెండు సంచులు, మూడు జతల స్కీలు. ముఖం మీద కళ్లద్దాల మేర తెల్లగా, మిగతాదంతా రాగి చెంబులా ఉంటుంది. మా అమ్మ మా ఊరు వాంగనుయి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, నీకు చెమట పట్టి ఎన్నాళ్లయిందిరా అని అడుగుతుంది.

కెటిల్ బేసిన్‌లో స్కీ చేసేవాళ్లని కాపాడే మంచు గస్తీ ఉద్యోగం నాకు ఆ పద్నాలుగు వల్లే వచ్చింది. దరఖాస్తులో ఆ అంకె రాసి కింద గీత కూడా గీశాను. కెటిల్ బేసిన్ మా దేశంలోనే ఉన్న ఒక క్లబ్బు కొండ. హోటల్ లేదు, కుర్చీల లిఫ్టు లేదు. సభ్యులే వేసవిలో వచ్చి తీగలు బిగించి, కప్పు రేకులు మార్చి, కట్టెలు పేరుస్తారు. చలికాలంలో వాళ్లే వంతులవారీగా గిన్నెలు తోముతారు. కొండ ఎక్కడానికి ఉన్నది ఒక్క తాడు.

పాత లారీ ఇంజను ఒకటి కొండ పైన కూర్చుని ఆ తాడుని తిప్పుతూ ఉంటుంది. బొటనవేలంత లావు, పరుగెత్తే మనిషికన్నా వేగం. మన నడుముకి ఒక పటకా, పటకాకి గొలుసు, గొలుసు చివర ఇనుప అడకత్తెర. ఎడమ చేత్తో తాడు అందుకుని, దానితోపాటు కదిలి, కుడి చేత్తో అడకత్తెర విసిరి తాడు మీద బిగించాలి. బిగిసిందంటే పైకి లాక్కుపోతుంది. లేదంటే ముక్కు మంచులో. ఇక్కడి పిల్లలకి ఆరేళ్లకే వస్తుంది. వాళ్ల తాతలు కబుర్లు చెప్పుకుంటూ ఎక్కిపోతారు.

నాకు రాలేదు. నిలువు గోడల్లాంటి వాలుల మీంచి దిగినవాణ్ణి, సొంత దేశంలో ఒక తాడు పట్టుకోలేకపోయాను.

సోమవారం ఎవరూ లేనప్పుడు ప్రయత్నించాను. శనివారం కొండ తెరుస్తారు. ఆ వారమంతా ఉన్నది ముగ్గురం. ఇంజను చూసుకునే రావిరి పైన తన గదిలో ఉన్నాడు, మధ్యలో దిబ్బ అడ్డం కాబట్టి అతనికి నేను కనబడను. క్లబ్బు పెద్ద నోలా వంటింట్లో ఉంది. తాడు అందగానే గట్టిగా పట్టుకున్నాను. భుజం ఊడినంత పనయింది. నాలుగుసార్లు పడ్డాను. అయిదోసారి ప్రయత్నించే ముందు, ఎవరైనా చూశారా అని చుట్టూ చూశాను. క్లబ్బు ఇంటి కప్పు మీద కియా అనే కొండచిలుక ఒకటి మాత్రం తల వంచి, నా స్కీ కర్ర పట్టీని కొరకవచ్చా అని ఆలోచిస్తోంది.

నేర్పమని అడగడానికి ఒక్క మాట చాలు. ఆ మాట ఎందుకు అనలేకపోయానో తర్వాత చాలాసేపు ఆలోచించాను. వాళ్లకి నా అసలు పేరు కోరిన్ అని తెలుసు, కానీ వచ్చిన రోజు నుంచి రావిరి నన్ను పద్నాలుగు అనే పిలుస్తున్నాడు. ఎగతాళికే పిలిచినా నాకు బాగుండేది. ఆ అంకె తీసేస్తే మిగిలేవాడెవడో నాకు అంతగా పరిచయం లేదు.

మంగళవారం నుంచి తెల్లారగానే వెనక్కి జారకుండా స్కీల కింద పట్టీలు అంటించుకుని నడిచి ఎక్కడం మొదలుపెట్టాను. నలభై నిమిషాలు. తాడు కదలకముందే గస్తీవాడు మంచు ఎలా ఉందో చూడాలి కదా అన్నాను. అది అబద్ధం కాదు, అందుకే అంత హాయిగా చెప్పగలిగాను. ఇంత శ్రద్ధ ఉన్నవాడు ఈ కొండకి ఇంతకు ముందు రాలేదని నోలా మెచ్చుకుంది, నా పళ్లెంలో ఇంకో గరిటె మటన్ పులుసు వేసింది. పులుసు బాగుంది. మెచ్చుకోలు మాత్రం గొంతు దిగలేదు. ఎక్కేటప్పుడు నా లోపల ఇద్దరుండేవారు. ఒకడు కష్టపడి ఎక్కుతుంటే, రెండోవాడు పక్కనే తీరిగ్గా నడుస్తూ, బాగానే నెట్టుకొస్తున్నావే అనేవాడు.

పొయ్యి పక్క గదిలో తడి బట్టలు ఆరేస్తాం. మేకులకి వరసగా సభ్యులు వదిలి వెళ్లిన చేతి తొడుగులు వేలాడుతుంటాయి. గురువారం సాయంత్రం రావిరి అక్కడ నిలబడి నా తొడుగులు పైకెత్తి చూశాడు.

"ఇవేంటి పద్నాలుగూ, పెళ్లికూతురి చేతుల్లా ఉన్నాయి?"

కొత్తవి, ఈ మధ్యే కొన్నానన్నాను. అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నేను మిగతా తొడుగుల వంక చూశాను. అన్నిటి అరచేతులూ తాడు రాపిడికి కాలి నల్లగా, గట్టిగా, ముసలి తాబేలు చర్మంలా ఉన్నాయి. నావి మాత్రం పసుపుపచ్చగా, దుకాణంలోంచి ఇప్పుడే వచ్చినట్టున్నాయి. అప్పుడు నేను చేసిన పని ఏడేళ్ల పిల్లవాడు చేస్తే ముద్దుగా ఉండేది. పొయ్యి మూత తీసి, మసి తీసి, తొడుగులకి శ్రద్ధగా రుద్దాను. కుడి తొడుగుకి కొంచెం ఎక్కువే రుద్దాను. నేను కుడిచేతివాటం మనిషిని.

శుక్రవారం ఉదయం నోలా ఓట్స్ జావ గిన్నె నా ముందు పెట్టింది. దాని పక్కన నా తొడుగులు పెట్టింది. ఎదురుగా కూర్చుంది. ఆవిడకి డెబ్బై ఒకటి. బడిలో లెక్కలు చెప్పి మానేసింది, కానీ ఎదుటివాడి తప్పు దొరికితే తొందరపడని అలవాటు ఇంకా పోలేదు.

"ఇవి నీవేనా అబ్బాయ్?"

నావేనన్నాను.

"మన తాడు ఎడమ పక్కన పోతుంది. నువ్వు కుడి చెయ్యి కాల్చుకున్నావు."

నేను జావ కలుపుతూ కూర్చున్నాను.

"తాడు కాలిస్తే చార పడుతుంది, అరచేతికి అడ్డంగా. ఇది మసి. అదీ నా పొయ్యిలో మసి." తొడుగుని తిరగేసి చూసింది. "ఇక్కడికి వచ్చిన ప్రతివాడూ పడ్డాడు. మా నాన్న ఈ తాడు వేయించాడు, ఆయనా పడ్డాడు. తొడుగులకి ముస్తాబు చేసినవాణ్ణి మాత్రం నిన్నే చూస్తున్నాను."

నవ్వు రాబోయింది నాకు. ఆవిడ నవ్వలేదు కాబట్టి మింగేశాను.

తర్వాత విషయం సూటిగా చెప్పింది. గాయపడ్డవాళ్లని దించే బండి కొండ పైన ఉంటుంది. నేను కింద ఉన్నప్పుడు ఎవరికైనా కాలు విరిగితే, తాడు మీద మూడు నిమిషాల్లో పైకి చేరాలి. నడిచి వెళ్తే నలభై నిమిషాలు, అంతసేపు ఆ మనిషి మంచులో పడి ఉంటాడు. తాడు రాని గస్తీవాణ్ణి తను ఉంచుకోలేదు. ఇవాళ నేర్పుదామంటే రావిరి ఇంజను విప్పి పెట్టాడు, సాయంత్రానికి గాని బిగించడు. మిగిలింది రేపు పొద్దున, జనం వచ్చాకే.

"మొదటిసారి తాడెక్కేవాళ్లకి చేతికి పసుపు పట్టీ కడతాం. వెనకవాళ్లు చోటిస్తారు. గంట రెండుసార్లు కొడితే రావిరి తాడు నెమ్మది చేస్తాడు. కట్టుకుంటావా?"

గస్తీవాడి కోటు ఎరుపు. ఎర్ర కోటు మీద పసుపు పట్టీ ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. ఆలోచించి చెబుతానన్నాను.

గదిలోకి వెళ్లి సంచులు సర్దాను. అర్జెంటీనాలో ఒక స్నేహితుడున్నాడు, వాళ్ల కొండకి కుర్చీల లిఫ్టులున్నాయి, ఎప్పుడైనా రమ్మన్నాడు. సర్దడం పదకొండు నిమిషాల్లో అయిపోయింది. ప్రతిసారీ అంతే, గడియారం చూడక్కర్లేదు. మూడు జతల స్కీలు కట్టేసి మంచం మీద కూర్చున్నాక ఒక సంగతి తట్టింది. ఈ పద్నాలుగు చలికాలాల్లో ఒక్కటి కూడా ఆఖరిదాకా చూడలేదు నేను. మంచు తడిసి బరువెక్కే వారం రాకముందే వెళ్లిపోతాను. దిగడం ఎంత బాగా నేర్చుకున్నానో, వెళ్లిపోవడం అంతకన్నా బాగా నేర్చుకున్నాను. ఇందులో బాధేమీ కలగలేదు. ఫోటోలో తన వీపు మొదటిసారి చూసుకున్నవాడికి ఎలా ఉంటుందో అలా ఉంది.

సంచులు విప్పలేదు. అలాగే గోడకి జరిపి, కింద గిన్నెలు తోమడం నా వంతు కాబట్టి వెళ్లాను.

శనివారం తొమ్మిదింటికి తాడు దగ్గర నలభై మంది ఉన్నారు. ఎండ కాస్తోంది, ఎవరో థర్మాస్‌లోంచి టీ పంచుతున్నారు. నేను నోలా దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాను. ఆవిడ ఏమీ అడగకుండా పసుపు పట్టీ కట్టింది, గట్టిగా ముడి వేసింది. వరసలో తలలన్నీ ఇటు తిరిగాయి. వెనక నుంచి ఒక ముసలాయన, గస్తీవాణ్ణి మోయడానికి ఇంకో గస్తీవాణ్ణి పెట్టారా అని వాకబు చేశాడు. అందరూ నవ్వారు. నేను అనుకున్నంత నొప్పి లేదందులో. నవ్వేసి వాళ్ల టీ వాళ్లు తాగారు.

నోలా గంట రెండుసార్లు కొట్టింది. మొదటిసారి పడ్డాను. రెండోసారి పడితే అడకత్తెర నా చెవి పక్కనుంచి పోయింది. మూడోసారికి ఆవిడ నా పక్కకొచ్చి నిలబడింది.

"పట్టుకోకు," అంది. "ముందు చేతిలోంచి పోనీ. పోతూ ఉండనీ. దాని వేగం నీకొచ్చాక పట్టుకో."

తాడు అరచేతిలోంచి పోనిచ్చాను. వదిలేయాలనీ అనిపించింది, పిడికిలి బిగించాలనీ అనిపించింది, రెండూ చేయకుండా ఉండడం చాలా కష్టంగా ఉంది. తోలు వేడెక్కింది. కాలిన వాసన వచ్చింది. స్కీలు నెమ్మదిగా కదిలాయి, నా ప్రమేయం లేనట్టే. అప్పుడు వేళ్లు మూశాను, కుడిచేత్తో అడకత్తెర విసిరాను. ఠక్కున బిగిసింది. పటకా నడుముని లాగింది. వెనక ఎవరో ఈల వేశారు. మధ్యలో తాడుని మోసే కప్పీ దగ్గర వేళ్లు తీయమని అరిచారు, తీశాను. దిబ్బ దాటేసరికి బేసిన్ అంతా కనబడింది. మూడు రోజులు నడిచి ఎక్కిన దారే, పక్కన నా పాత అడుగుల గీత ఎగుడుదిగుడుగా ఉంది.

పైన రావిరి ఇంజను గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా చేతి పట్టీ చూశాడు. గంట రెండుసార్లు ఎవరికోసం మోగిందో అప్పుడర్థమైనట్టుంది.

"పద్నాలుగు చలికాలాలన్నావు కదా తమ్ముడూ. మరి ఇదెన్నోది?"

"ఒకటి," అన్నాను.

ఆ రోజు ఏడుసార్లు ఎక్కాను, రెండుసార్లు పడ్డాను. మధ్యాహ్నం ఒకావిడకి మోకాలు మెలిపడితే, నెమ్మది చేయమని గంట కొట్టించకుండానే తాడెక్కి బండి తెచ్చాను. సాయంత్రం పనుల పలక మీద నా పేరు కొట్టేసి ఉంది. గిన్నెలు తోమడం అన్న చోట ఎవరో సుద్దముక్కతో "ఒకటి" అని రాశారు. సెప్టెంబరు ఆఖరున మంచు తడిసి బరువెక్కే వారం దాకా ప్రతి శనివారం అదే అంకె ఉంది.

ఆ మొదటి రాత్రి గిన్నెలు తోమడానికి వేడి నీళ్లలో చెయ్యి పెట్టగానే ఎడమ అరచెయ్యి మండింది. తొడుగు దాటి లోపలికి కూడా కొంచెం కాలినట్టుంది.